లిస్టులో లేని మేనమామ

మా చెల్లెలి పెళ్లి గోవాలో చేస్తున్నామని తెలిసిన రోజు ప్రొద్దుటూరులో నా తోటి టీచర్లు నన్ను ఏడిపించి వదిలిపెట్టారు. "ఏం మేడం, మన ఊర్లో కల్యాణమండపాలన్నీ కూలిపోయినాయా?" అని ఒకరు. "తాగేదానికి పోయే ఊరికి పెండ్లికూతురిని తోలుకోని పోతాండారే!" అని ఇంకొకరు. పెళ్లికొడుకు వాళ్లు బెంగుళూరులో స్థిరపడిన వాళ్లనీ, అది వాళ్ల ముచ్చటనీ చెప్పి తప్పించుకున్నాను. అది శుద్ధ అబద్ధం. వాళ్ల కాళ్లా వేళ్లా పడి గోవాకు ఒప్పించింది నేనే.

అసలు కారణం మా మేనమామ.

అమ్మది సింహాద్రిపురం దగ్గర పల్లె. నాన్నది జమ్మలమడుగు దగ్గర. అమ్మకు తోడబుట్టినవాడు ఒక్కడే, తమ్ముడు. గొర్రెలు మేపుకుంటూ, వాన పడిన ఏడు శనగ వేసుకుంటూ బతికే ఇల్లు వాళ్లది. నా చిన్నతనంలో రెండిళ్ల మధ్యా రాకపోకలు బాగానే ఉండేవి. తర్వాత మండలం ఎన్నికలు వచ్చాయి. నాన్న ఒక పార్టీ, మామ ఇంకో పార్టీ. పార్టీ అంటే మా దగ్గర ఏ నాయకుడి జీపు ఎక్కావన్నదే, అంతకు మించి ఏమీ లేదు. పోలింగు నాటి కొట్లాటలో నాన్న చిన్నాన్న కొడుకు చనిపోయాడు. కేసులో మామ పేరు కూడా రాశారు. ఆ రోజు గొర్రెలతో కొండ కింద ఉన్నానని మామ మొత్తుకున్నాడు. కొన్నేళ్లకు కోర్టు నమ్మింది, మా నాన్న నమ్మలేదు.

అప్పటి నుంచి అమ్మకు పుట్టిల్లు లేదు.

నా పెళ్లి ఆ రోజుల్లోనే ప్రొద్దుటూరు మండపంలో జరిగింది. గేటు దగ్గర పోలీసులు అందరి ఒళ్లూ తడిమి లోపలికి పంపారు. నాన్న వాళ్ల నాయకుడి గన్‌మెన్లు మొదటి బంతిలోనే కూర్చుని భోంచేశారు. మాలో పెళ్లికూతురిని మేనమామ గంపలో కూర్చోబెట్టి, ఎత్తుకుని పీటల దగ్గరికి తేవాలి. నాకు గంపా లేదు, మామా లేడు. నేను నడిచే వచ్చాను. పసుపు నీళ్లలో తడిసిన కాళ్లతో అంత దూరం నడుస్తుంటే అందరూ నా కాళ్లే చూస్తున్నట్టు అనిపించింది. ఆ కోపం నాలో ఇప్పటికీ ఉంది. చెల్లెలికి మాత్రం అట్లా జరగనివ్వకూడదని ఆనాడే అనుకున్నాను.

కానీ ఎక్కడ చేయాలి? జమ్మలమడుగులో చేస్తే మామ రాలేడు. మామ వైపు పులివెందులలో చేస్తే నాన్న రాడు. ప్రొద్దుటూరులో చేస్తే ఇద్దరు నాయకులనూ పిలవాలి, ఒకరిని పిలిస్తే ఇంకొకరికి కోపం. ఇద్దరి మాటా చెల్లని చోటు కావాలి. మ్యాపు ముందేసుకుని కూర్చుంటే, రోడ్డు మీద పోగలిగినంత దూరంలో ఇద్దరి మనుషులూ లేని సముద్రం గోవాలో కనిపించింది. మామను పిలుద్దామని నాన్నకు చెప్పడానికి అమ్మా నేనూ వారం రోజులు జంకాం. చెప్పాక ఆయన మీసం దువ్వుకుంటూ, "రానీలే మే. సముద్రానికి పార్టీ యాడిది?" అన్నాడు. అమ్మ లోపలికి పోయి ఏడ్చింది.

మామకు చెప్పాలంటే మా మధ్య ఉన్నది గాజులాయన ఒక్కడే. ప్రొద్దుటూరు నుంచి పల్లెలు తిరిగి గాజులు వేసే ముసలి సాయబు. ఆయన్ను ఏ పార్టీ వాళ్లూ ఏమీ అనరు, ఆడవాళ్ల చేతులకు పార్టీలు లేవు కదా. మామ గురువారం ఆయన ఇంటికి వచ్చి నన్ను కలుస్తానని కబురు చేసి, మంగళవారమే వచ్చేశాడు. స్కూలుకు మనిషి వస్తే క్లాసు మధ్యలో వదిలేసి పరుగెత్తాను. మామ అంతే. పోయే రోజు ఎవరికీ చెప్పడు, చెప్పిన రోజు పోడు. బయటికి వెళితే ఫోను ఇంట్లో వదిలేస్తాడు. ఊరు దాటితే సొంత పేరు చెప్పడు. అట్లా ఉండబట్టే బతికాడు కాబట్టి ఎవరూ తప్పు పట్టరు.

జుట్టంతా నెరిసిపోయింది. నన్ను చూసి, "టీచరమ్మ అయినావంటనే పాపా" అన్నాడు. నా పెళ్లి మాట ఎత్తలేదు. నేను గోవా గురించి చెప్పుకుంటూ పోయాను. టికెట్టు తీస్తానంటే చేయి అడ్డం పెట్టాడు.

"నాకు టికెట్లు వద్దు. నేనే వస్తా. యాడా నా పేరు రాయొద్దు పాపా, ఏ కాగితంలోనూ."

"అట్లయితే గేటుకాడ నేనే నిలబడతా మామా, పొద్దున్నుంచి."

"గంప నేనే తెస్తా. ఆడ దొరికే గంపలు మన పిల్లను మోస్తాయా, ఊడిపోతాయి." అప్పుడు నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "సముద్రం నేను ఇంతవరకు సూడలే. ఎట్లుంటాది?" అని అడిగాడు. నేను కూడా అప్పటికి చూడలేదు. పోయినాక చూద్దాంలే మామా అన్నాను.

తర్వాత మూడు నెలలు పెళ్లి పనులు నన్ను నమిలేశాయి. పెళ్లి ఏర్పాట్లు చూసే బెంగుళూరు అమ్మాయి ఫోను చేసి థీమ్ ఏమిటని అడిగేది. మా థీమ్ ఒకరినొకరు నరుక్కోకుండా తిరిగి రావడం అని చెప్పలేక, పసుపూ తెలుపూ అన్నాను. రిసార్టులో పొట్టేళ్లు కోయనివ్వరని తెలిసి నాన్న అలిగాడు. చివరికి వంటమనిషినీ, రాగిపిండి మూటలనూ బస్సులో వేసుకుపోయాం. సంగటి కెలికే కర్ర కూడా మరచిపోలేదు. రిసార్టు వాళ్లు మాత్రం ఒక్క విషయంలో పట్టు విడవలేదు. వచ్చే ప్రతి మనిషి పేరూ రాసివ్వాలి, గేటు దగ్గర ఆ లిస్టు చూసే లోపలికి వదులుతారు. నేనే రాశాను, రెండు పేజీలు, నా టీచరు చేతిరాతతో. మామ పేరు రాయలేదు. రాయొద్దన్నాడు కదా. ఆ లిస్టు ఎవరి చేతిలో పడుతుందోనని నాకూ భయమే. మామ వచ్చేది ఖాయమని, పెళ్లి నాటి పొద్దునే వస్తాడని అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నాన్నకు కూడా చెప్పలేదు. పిలిచామనీ, రావచ్చు రాకపోవచ్చనీ మాత్రమే చెప్పాం.

పెళ్లి రోజు తెల్లవారకముందే గేటు దగ్గరికి పోయి నిలబడ్డాను. రోడ్డుకూ సముద్రానికీ మధ్య కొబ్బరితోట. గేటు దగ్గర నిలబడితే సముద్రం కనిపించదు, మోత మాత్రం వినిపిస్తుంది. కర్ణాటక వైపు నుంచి బండ్లు వచ్చినప్పుడల్లా మెడ సాచి చూశాను. ఎనిమిది దాటింది. అప్పుడు ఫోను మోగింది. సముద్రపు గాలికి పందిరి మీద పూలన్నీ ఊడిపోయాయి, బెంగుళూరు అమ్మాయి ఏడుపు గొంతుతో పిలుస్తోంది. నా భర్తను గేటు దగ్గర నిలబెడదామా అంటే తనకు మామ మొహం తెలియదు, మా పెళ్లిలో చూసి ఉంటే కదా. ఐదు నిమిషాలే కదా అని, గేటు మనిషికి కూడా చెప్పకుండా పరుగెత్తాను.

ఐదు నిమిషాలు అరగంట అయింది. పూలు మళ్లీ కట్టించాను. బంతిపూల కోసం.

తిరిగి వచ్చి గేటు మనిషిని నాకొచ్చిన హిందీలో అడిగాను, ఎవరైనా వచ్చారా అని. లిస్టులో ఉన్నవాళ్లెవరూ రాలేదమ్మా అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. నేను సరేనని మళ్లీ రోడ్డు చూస్తూ నిలబడ్డాను.

ముహూర్తం వచ్చేసింది. అమ్మ చెల్లెలి పక్కన కూర్చుని ప్రతి అడుగు చప్పుడుకూ తల ఎత్తుతోంది. నేను ఒంటరిగా లోపలికి రావడం చూసి చెల్లెలి కొంగు సర్దసాగింది. రిసార్టు వాళ్లు రిబ్బన్లు చుట్టి ఇచ్చిన బుట్టలో చెల్లెలిని కూర్చోబెట్టి చిన్నాన్న ఎత్తుకొచ్చాడు. నాలుగడుగులకే బుట్ట అడుగు కిర్రుమంది. అందరూ నవ్వారు. ఫొటోలన్నిటిలోనూ ఆ నవ్వులే ఉన్నాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ గేటు దాకా నడిచి వస్తానంది. తోట చివర, రోడ్డు మీదికి కనబడకుండా గేటు గది వెనక గోడకు ఆనించి ఒక గంప ఉంది. పెద్ద వెదురు గంప, అంచుకు ఎర్రగుడ్డ చుట్టి ఉంది. మా అమ్మ పుట్టింట్లో అట్లా చుడతారు. లోపల పట్టుచీర, పసుపు కొమ్ములు, గొర్రెబొచ్చుతో నేసిన చిన్న కంబళి. పిల్లకు మెత్తగా ఉండాలని పరిచినట్టున్నాడు. అమ్మ దాని పక్కనే ఇసుకలో కూర్చుని ఆ అంచు తడిమింది.

గేటు మనిషి చెప్పినదంతా ఇప్పటికీ నాకు మాట మాటా గుర్తుంది. "ఎనిమిదిన్నరకు ఒకాయన నెత్తిన గంప పెట్టుకుని వచ్చాడు. పేరు అడిగితే చెప్పాడు. లిస్టులో లేదంటే ఇంకోసారి చూడమన్నాడు. చూశాను, లేదు. లోపలికి ఫోను చేస్తానంటే వద్దన్నాడు. ఈ లిస్టు ఎవరు రాశారని సైగలతో అడిగాడు. పెళ్లికూతురి అక్క అని చెప్పాను. ఆ చెట్టు కింద కాసేపు నిలబడ్డాడు. తర్వాత గంప నాకిచ్చి వెళ్లిపోయాడు."

వెనక్కి పంపిన వాళ్ల పేర్లు రాసే పుస్తకం తెచ్చి చూపించాడు. ఊరు దాటితే సొంత పేరు చెప్పని మనిషి ఇంటిపేరుతో సహా చెప్పాడు. తండ్రి పేరూ, ఊరి పేరూ కూడా రాయించాడు. రాయొద్దన్నది తనే. అయినా మేనకోడలు రాసే ఉంటుందని లోపల ఎక్కడో ఆశ పడ్డాడేమో. నేను నిలబడతానన్న చోట నేను లేను, నా చేతిరాతలో తన పేరు లేదు. ఏ మనిషైనా ఏమనుకుంటాడు?

నాన్న వచ్చి పుస్తకం చూశాడు, గంప చూశాడు.

"నాకు చెప్పింటే నేనే నిలబడిందును గదా మే, గేటుకాడ."

నిజమే, నిలబడేవాడు. ఆయన్ను నమ్మనిది మేమే.

ఊరికి రాగానే గాజులాయన్ను పంపాను. ఆయన తిరిగి వచ్చి, "నేను చెప్పబోతే ఇనల్యామ్మా. పెండ్లి బాగా జరిగిందంట గదా, సంతోషం అన్యాడు. టీ ఇప్పిచ్చి పంపిచ్చినాడు" అన్నాడు. మళ్లీ పంపుదామనుకునే లోపల ఎన్నికలు వచ్చాయి. పోలింగు అయ్యాక మామ ఊర్లో పోలీసు పికెట్ పెట్టారు, బయటివాళ్లను పోనివ్వలేదు. గాజులాయన్ను కూడా సగం దారిలో ఆపి వెనక్కి పంపారు. ఓట్లు లెక్కించే రోజుకు ముందే మామ పోయాడు. ఎవరూ చంపలేదు. గొర్రెల దగ్గర గుండె పట్టుకుని కూర్చుని, లేవలేదు. ఇన్నేళ్లు దారులు మార్చి తిరిగిన మనిషి సొంత చేలో పోయాడు.

ఎస్సైకి చెప్పుకుని అమ్మనూ నన్నూ నాన్నే జీపులో తీసుకెళ్లాడు. సింహాద్రిపురం దాటి కొంత దూరం వచ్చాక బండి దిగి రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాడు. ఇంక మీరు పోండి అన్నాడు.

ఆ ఇంటి వాకిట్లోకి అమ్మ అన్నేళ్ల తర్వాత అడుగు పెట్టింది. మమ్మల్ని తిడతారనే అనుకున్నాను. తిట్టాలని కూడా కోరుకున్నాను. ఆడవాళ్లు అమ్మను పట్టుకుని శవం పక్కన కూర్చోబెట్టారు. మా అత్త అమ్మ భుజం మీద తల పెట్టి ఏడుస్తూ అంది:

"అన్నేండ్లకు నువ్వు పిలిస్తివి, ఆ ఒక్క సంతోషం సూసి పోయినాడు వదినా. పిల్లను గంపలో ఎత్తుకోని సముద్రం ఒడ్డున మోసినానని ఊరంతా చెప్పుకున్యాడు. బరువే ల్యాదంట, గొర్రెపిల్ల మాదిరి ఉన్యాదంట."

పక్కనున్న ముసలామె అందుకుంది. "సముద్రం ఎట్లుండాది అప్పా అని అడిగితే రంగూ చెప్పడు, రూపూ చెప్పడు. మంద అంతా ఒక్కసారి లేసి పోతాంటే వచ్చే సద్దు మే అంటాండె. ఎన్నిసార్లు అడిగినా ఆ సద్దే చెప్పేది."

గేటు దగ్గర నిలబడితే వినిపించేది అదే. అంతకు మించి వినిపించదు.

అత్త తల ఎత్తి అమ్మ మొహంలోకి చూసింది. ఆమెకు తెలుసో తెలియదో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. "బాగా మోసినాడా వదినా?" అంది.

అమ్మ తమ్ముడి చేతిని తన ఒడిలోకి తీసుకుంది.

"మోసినాడు మే. యాడా దించకుండా మోసినాడు" అంది.

అందరూ నా వైపు చూశారు. నేను ఔనని తల ఊపాను.