మైట్రల్ వాల్వుకు చిల్లు, చెవికి పుండు

కరోనా వార్డులు మూసేసిన మరుసటి ఏడాది అది. నేను గుండె డాక్టరుగా పనిచేసే విరుదునగర్ ఆస్పత్రికి, కోవిల్‌పట్టి అవతలి నల్లరేగడి పల్లె నుంచి రంగమ్మాళ్‌ను తీసుకొచ్చారు. ఎనభై దాటిన మనిషి.

కొన్ని నెలల ముందే మదురైలో ఆమెకు టావీ చేశారు. ఛాతీ కోయకుండా, తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, బిగుసుకుపోయిన అయోర్టిక్ వాల్వులో కొత్తది అమర్చడమే టావీ. కొన్నాళ్ళు ఆమె చక్కగా తిరిగింది. తర్వాత సాయంత్రమైతే జ్వరం, పడుకుంటే ఆయాసం. కొత్త వాల్వు చెడిపోయిందని కొడుకు ముందే తీర్మానించుకుని వచ్చాడు. నాతో తమిళంలో పోట్లాడి, తల్లి మీద తెలుగులో విసుక్కున్నాడు. మా ఇంట్లోనూ అదే తెలుగు కాబట్టి నాకు రెండూ అర్థమయ్యాయి.

ఆయాసం వల్ల మొదటి ఎకో కూర్చోబెట్టే చేశాం. కొత్త వాల్వు నిక్షేపంగా ఉంది. దాని పక్కనున్న మైట్రల్ వాల్వు లీకవుతోంది. బ్లడ్ కల్చర్‌లో, అంటే రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్షలో, మామూలుగా చర్మం మీదుండే క్రిమి పెరిగింది. అది రక్తంలోకి ఎలా వచ్చిందో తెలియలేదు. పళ్ళు చూశాం, పాదాలు చూశాం, మూత్రం పరీక్ష చేశాం. ఎక్కడా పుండు లేదంది ఆమె.

మందులతో ఆయాసం తగ్గాక, గొంతులోంచి ప్రోబ్ దింపి గుండెను వెనకనుంచి చూసే ఎకోకి సిద్ధం చేశాం. దానికి ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. ఆమె ససేమిరా తిరగనంది. మొండితనమనుకుని నేను పట్టి తిప్పబోతే చెంప దిండుకు తగిలి మూలిగింది. చెవుల మీదినుంచి ఎప్పుడూ జారని కొంగును అప్పుడు తొలగించాను. చెవి పైఅంచున బంగారు బావిలీ, దాని చుట్టూ పసుపు, పసుపు కింద చీము. పిల్లను చంకన పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని.

గుచ్చి అడిగితే సంగతి బయటపడింది. మదురైలో టావీకి ముందు నగలన్నీ తీయించారు. ఇల్లు చేరి కోలుకునేలోగా చెవి పైఅంచు రంధ్రాలు పూడుకుపోయాయి. ఆమె ఎవరికీ చెప్పకుండా కంసాలి దగ్గర మళ్ళీ కుట్టించుకుంది.

ఎకోలో మైట్రల్ వాల్వు రెక్కకు చిల్లు కనిపించింది. కొత్త వాల్వు ఫ్రేము అంచు ఆ రెక్కకు ఒరుసుకుంటోంది. చెవి పుండులోంచి రక్తంలో కలిసిన క్రిములు అక్కడే గూడు కట్టుకున్నాయి. ఈ జబ్బును ఎండోకార్డైటిస్ అంటారు. గుండె కోసి బాగుచేద్దామంటే ఆ వయసు తట్టుకోదని సర్జన్లు తేల్చేశారు. ఇక వారాల తరబడి నరంలోకి యాంటీబయాటిక్స్ ఎక్కించడమే దారి. బావిలీలు తీసి పుండు శుభ్రం చేయకపోతే అదీ వృథా.

ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"పెండ్లినాటినించి ఉండింది తల్లీ. ముసలాయన ఉండంగ మొగుడు లేనిదాని మాదిరి బోడి చెవులతో నలుగుర్లోకి ఎట్ట పొయ్యేది? చెప్తే మళ్లా కళట్టి తీసేస్తారనే చెప్పలే."

ప్రాణం కన్నా నగ ఎక్కువా అని నాకు ఒళ్ళు మండింది. గట్టిగానే అన్నాను. ఆమె చేతులు తీయలేదు.

తలుపు దగ్గర స్టూలు మీద ఆమె భర్త ఉన్నాడు. వచ్చినప్పటినుంచి నోరు విప్పని మనిషి. లేచి మంచం దగ్గరికి వచ్చాడు.

"నేనుండేది నీకు తెలిస్తే సాలదా? ఊరికి నీ చెవులు జెప్పాల్నా?"

అరచెయ్యి చాపాడు. ఆమె చెవుల మీది చేతులు దించింది. నర్సు బావిలీలు తీసి ఆ అరచేతిలో పెట్టింది.

జ్వరం తగ్గింది. చిల్లు పెద్దది కాలేదు, పూడనూ లేదు. ఆ లీకుతోనే, మాత్రలు వేసుకుంటూ బతుకుతోంది.

టావీ అయినవాళ్ళకు, పంటి గాయంలోంచీ క్రిములు గుండెకు చేరతాయి కాబట్టి, పళ్ళు పీకించుకునే ముందు మాకు చెప్పండని అందరు డాక్టర్లమూ చెబుతాం. కంసాలి దగ్గరికి వెళ్ళే ముందు చెప్పమని ఎవరమూ అనం. ఇప్పుడు నేను టావీకి పంపే ప్రతి ముసలమ్మను, ఏ నగలు తీయాల్సి వస్తుంది, అవి లేకుండా ఉండగలవా అని ముందే అడుగుతున్నాను. భర్త ఉంటే ఆయన్ను పక్కన కూర్చోబెట్టి అడుగుతాను. రంగమ్మాళ్ భర్తకు ఆ ఒక్క మాట మదురైలోనే అనే అవకాశం ఎవరూ ఇవ్వలేదు.