కలెక్టర్ పక్కన చేరిన 'ను'

మా అన్నయ్య వీడియో గురించి ఖచ్చితంగా చెప్పగలిగినవి కొన్నే. దాన్ని తీసింది మా మేనకోడలు, నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారిలోని మా తోటలో. అందులో వినిపించేది అన్నయ్య గొంతే. మేనకోడలి ఫోనులో ఉన్న అసలు వీడియోను మొదటి నుంచి చివరి దాకా విని మరీ చెబుతున్నాను. అన్నయ్యకు నోటీసు వస్తుందని, ఏదో పార్టీవాళ్ళు ఆయన్ను సభకు పిలుస్తారని ప్రచారమైనవన్నీ వినికిడి మాటలు. ఆధారం అడిగితే "గ్రూపులో వచ్చింది" అన్నవాళ్ళే గాని, అంతకు మించి చెప్పినవాళ్ళు లేరు.

ఇతర ప్రాంతాలవారు తోతాపురి అనే మామిడిని మా వైపు కలెక్టర్ అంటాం. చిన్నప్పటి నుంచీ కలెక్టర్ కోశాం, ఉప్పూ కారం అద్దుకుని తిన్నాం. జిల్లా అధికారి మాకెప్పుడూ గుర్తుకు రాలేదు.

"ఈ ఏడు కాపు ఎలా ఉంది నాన్నా?" అని కూతురు అడిగింది. "బంగినపల్లి సంగతి ఇంకా తేలలేదమ్మా. కలెక్టర్ షావుకార్లు ముందే కొనేశారు, పూత మీదే" అన్నాడు అన్నయ్య. పిల్ల దాన్ని సరదాగా నెట్‌లో పెట్టింది. కొన్నాళ్ళకు అది వేరే రూపంలో మా గ్రూపులకే తిరిగి వచ్చింది. బంగినపల్లి పోయింది, పూత పోయింది, నడిమి ముక్క మిగిలింది. వెనక గుండె దడ పుట్టించే సంగీతం, కింద ఎర్రటి అక్షరాలు: "కలెక్టర్‌ను షావుకార్లు ముందే కొనేశారు! గుట్టు విప్పిన రైతు."

ఆ 'ను' అన్నయ్య నోట లేదు. కాయ కొన్నామంటాం గాని, కాయను కొన్నామని మాటల్లో సాధారణంగా అనం. మనిషి విషయంలో మాత్రం 'ను' లేకుండా వాక్యం నిలవదు. ఆ ఒక్క అక్షరంతో కాయ అధికారి అయింది. మాటను రాతగా మార్చే యంత్రం దాన్ని చేర్చిందో, మనిషే చేర్చాడో నేను తేల్చలేకపోయాను.

పూత మీద బయానా మాత్రమే ఇచ్చి మా తోట కాపు కొన్న షావుకారు కోత ఆపేశాడు. అన్నయ్యతో ఫోనులో ఆయన అన్న మాటలు వరండాలో కూర్చున్న మాకందరికీ వినిపించాయి.

"అది కాయని నాకు తెలియదాండీ? నేను పుట్టి పెరిగిందే కాయల్లో. చూసేవాళ్ళకు తెలియాలిగా! ఇప్పుడు మీ తోటలో నా లారీ కనబడితే, అధికారిని కొన్నవాడు ఇడుగో అంటారు."

"మీ పేరు నేనెక్కడ ఎత్తానండీ?"

"ఎత్తి ఉంటే ఒక్కణ్ణే పోయేవాణ్ణి. ఎత్తలేదు కాబట్టి అందరం పోయాం."

కాయ చెట్టు మీద రంగు తిరుగుతోంది. గాలివాన వస్తే ఏడాది కష్టం నేల పాలవుతుందని అన్నయ్య మబ్బుకేసి చూస్తూ కూర్చున్నాడు. మేనకోడలు కాయను చేత్తో పట్టుకుని "ఇదీ కలెక్టర్" అంటూ పూర్తి వీడియో మళ్ళీ పెట్టింది. దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

కత్తిరించిన ముక్కను ఆవేశంగా పంపినవాళ్ళలో పక్క తోటవారి అమ్మాయి కూడా ఉంది. మేనకోడలికి చిన్ననాటి స్నేహితురాలు. ఈమధ్యే ఓటు హక్కు వచ్చింది. తన కాలేజీ గ్రూపులన్నిటికీ పంపింది. ఆమె మా ఇంటికి వచ్చినప్పుడు అడిగాను.

"కలెక్టర్ అంటే ఏమిటో నీకు తెలియదా అమ్మా?"

"ఎందుకు తెలియదు ఆంటీ! మా తోట నిండా అవేగా."

"మరి?"

"ఇక్కడ కాయే అనుకోండి. కానీ అధికారుల్ని కొనడం లోకంలో లేదా ఏంటి?"

"అందుకని మా నాన్న అనని మాట అంటగడతావా?" మేనకోడలు అందుకుంది. "ఆగు, నీ గొంతూ కత్తిరించి పెడతాను."

"అంకుల్‌ని నేనేమన్నానే? హీరో అయిపోయారు."

"ఆ హీరో కాయలు చెట్టు మీదే పండుతున్నాయి. వెళ్ళి కోసిరా!"

ఆ అమ్మాయి నవ్వబోయి, వరండా చివర ఉన్న అన్నయ్య ముఖం చూసి ఆగిపోయింది. అక్కడే కూర్చుని, తాను పంపిన ప్రతి గ్రూపులోనూ రాసింది: "అది మామిడికాయ. మా తోటలోనూ ఉంది. పొరపాటున పంపాను." వెంటనే వచ్చిన జవాబు మాకు చదివి వినిపించింది: "నిన్నెంతకు కొన్నారు?"

ఆ జవాబే ఊళ్ళో హాస్యమైంది. టీకొట్ల దగ్గర "కలెక్టర్ కొన్నావా, కలెక్టర్‌ను కొన్నావా?" అని ఆటపట్టించుకున్నారు. "జనం నవ్వుతున్నారంటే ఇక భయం లేదండీ" అంటూ షావుకారు లారీ పంపాడు. ఆమె సందేశమే దీనికి కారణమని నేననను. ఒకదాని తర్వాత ఒకటి జరిగాయని మాత్రమే అంటాను. కొంత కాయ అప్పటికే రాలిపోయింది. ఇప్పుడు అన్నయ్య ఎవరి చేతిలోనైనా ఫోను కనబడితే, ఇంట్లో సైతం, "కలెక్టర్ మామిడి" అని పూర్తిగా పలుకుతాడు.

తేలని ప్రశ్న ఒకటుంది. ముక్కను పంపిన క్షణంలో ఆ అమ్మాయి మనసులో ఉన్నది కాయా, అధికారా? తొందరలో కాయ గుర్తుకు రాకపోతే, కాస్త నిదానం నేర్పితే సరిపోతుంది. గుర్తొచ్చినా పక్కన పెట్టి ఉంటే, ఏం నేర్పాలో నాకు తెలియదు. అడిగాను. "అప్పుడేమనుకున్నానో ఇప్పుడు నిజంగా చెప్పలేను ఆంటీ" అంది. నేను ఉద్యోగంలో నీటి పరీక్షలు చేసేదాన్ని. పారిపోయిన నీటికి నమూనా ఉండదు. పైగా, అన్నయ్య ముఖం చూశాక ఆమె ఏ జవాబు చెప్పినా, అది ముక్కను పంపిన క్షణానిది కాదు.