రైటు మావయ్య కూర్చున్న ప్రయాణం

ఉద్యోగమంతా బస్సులోనే గడిపిన మనిషికి బస్సులో కూర్చోవడం చేతకాదంటే ఎవరు నమ్ముతారు? వీధి వీధంతా ‘రైటు మావయ్య’ అని పిలిచే మా కండక్టరుగారు మాత్రం ఆ సంగతి తనే చాటింపు వేసుకుంటాడు.

“డ్రైవరుకి సీటుంది, జనానికి సీట్లున్నాయి. నిలబడ్డానికి జీతం తీసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే!” అంటాడు.

ఆయన తిరగని ఊరు లేదు. చూసింది మాత్రం ప్రయాణికుల నడినెత్తులు. ఫలానా ఊరు ఎలా ఉంటుందని అడిగితే, “అక్కడ జనం దిగేముందు ఒకటే తోసుకుంటారు” అని చెప్పి ఊరుకుంటాడు. ఇంట్లోనూ అదే ధోరణి. కూతురి పెళ్ళిలో అందరూ ఫోటోకి నిలబడితే వియ్యపురాలి భుజం తట్టి, “లోపల ఖాళీ ఉంది, ముందుకి జరగాలమ్మా!” అన్నాడు. ఆవిడ జరిగింది గాని, ఇప్పటికీ ఆయనతో ముభావంగానే ఉంటుంది.

రిటైరయ్యాక కూడా ఆయన కాళ్ళు ఊరుకోలేదు. పొద్దున్న నడక బృందం, సాయంత్రం ఈతకొలను. ఈత కూడా ఒక చేత్తో గట్టు కమ్మీ పట్టుకునే కొడతాడు. ఆ నడక బృందంవాళ్ళే సముద్రం చూసొద్దామని ఒక బస్సు మాట్లాడారు.

అత్తయ్య ఒక్కటే షరతు పెట్టింది.

“పెళ్ళైన దగ్గర్నించీ మీ బస్సెక్కుతూనే ఉన్నాను. ఒక్కనాడైనా నా పక్కన కూర్చున్నారా? ఈసారి నా పక్కనే కూర్చోవాలి. మధ్యలో లేచి పెత్తనం చేశారో, ఇక మీతో ఎక్కడికీ రాను.”

ఆవిడ అన్నదంటే అన్నట్టే. మావయ్య హడలిపోయాడు.

కూర్చున్నాడు. పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా చెయ్యి పైకమ్మీ కోసం లేస్తుంటే, అత్తయ్య ఆ చేతిలో కమలాతొన పెట్టి కిందికి దించింది.

దారిలో టీకి ఆపారు. మావయ్య బుద్ధిగా టీ తాగొచ్చి బస్సు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఒకాయనకి చెయ్యి అందించాడు. ఒకావిడ సంచీ ఎక్కించాడు. “రండి, రండి, తొందరగా!” అని అదిలించాడు. అందరూ ఎక్కారు. రోడ్డు అటూ ఇటూ చూసి, బస్సు ఒంటి మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు.

“రైట్!”

బస్సు కదిలింది. ఎంత మెత్తగా కదిలిందో అని ఆయన ఒక్క క్షణం మురిసిపోయాడు కూడా. ఆ తర్వాత ఫుట్‌బోర్డు మీదికి ఎగరబోతే, కొత్తరకం బస్సు కదా, తలుపు దానంతటదే బుస్సుమని మూసుకుంది. అద్దం వెనకనుంచి అత్తయ్య ఆయన్నే చూస్తూ వెళ్ళిపోయింది.

వెనకాల వచ్చిన మామూలు బస్సెక్కాడు. “సీట్లున్నాయి, కూర్చోండి పెద్దాయనా” అన్నాడు ఆ కండక్టరు. మావయ్య కూర్చోలేదు. కూర్చోవాల్సిన చోట కూర్చోలేనివాడికి ఇక్కడ కూర్చునే అర్హత ఏముంది? ఇక ఈ జన్మకి ఆవిడ తనతో రాదనుకుంటూ కమ్మీ పట్టుకుని వేలాడాడు.

తర్వాతి ఊళ్ళో వాళ్ళ బస్సు ఆగి ఉంది. మావయ్య ఎక్కగానే ఎవరో ఈల వేశారు. ఆయన సీట్లో అత్తయ్య చేతిసంచీ ఉంది, ఇంకెవరూ కూర్చోకుండా.

“డ్రైవరు అప్పుడే ఆపుతానన్నాడు. ‘ఆయనే రైటన్నారు కదా, పోనివ్వు నాయనా’ అన్నాను” అంది అత్తయ్య. లేచి దారిచ్చింది. “ఊఁ, కిటికీ వైపుకి జరగండి. ఇప్పుడు దిగాలంటే నన్ను దాటుకుని దిగాలి.”

“మరి… ఇక నాతో రానన్నావుగా?”

“ఆ సంగతి ఇంటికెళ్ళాక. ముందు సముద్రం చూడనివ్వండి.”

“కదలమంటారా?” అని డ్రైవరు వెనక్కి తిరిగాడు. అందరూ మావయ్య వైపే చూశారు. ఆయన చేతులు కట్టుకుని, పెదవులు బిగించుకుని కూర్చున్నాడు. అత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూసి, ముందుసీటు వీపు మీద రెండుసార్లు తట్టింది.

“రైట్!”

బస్సు కదిలింది.

“ఇంకాస్త గట్టిగా కొట్టాలి” అన్నాడు మావయ్య, కిటికీలోంచి బయటికి చూస్తూ.