ఫ్రేము మధ్యలో ఖాళీ

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మేవాళ్ల మీద జాలి కూడా లేదు, చిరాకే. ఫొటోలో తెల్లటి మరక కనిపిస్తే ఆత్మ అంటారు. లెన్సు తుడుచుకోవడం చేతకాదు.

నేను ఫొటోగ్రఫీ పాఠాలు చెబుతాను. మనిషిని నడిమధ్యలో కూర్చోబెట్టి తీసే ఫొటో అన్నా నాకు అంతే చులకన. ఒక పక్కకు జరిపి, చూపు సాగే వైపు ఖాళీ వదలమని ఎంత చెప్పినా జనానికి ఎక్కదు.

శాలిబండలో మా చిన్నమ్మ ఉంటుంది. ఆమె, మా పెద్దమ్మ కలిసి అదే ఇంట్లో జీవితమంతా జాకెట్లు కుట్టారు. పెద్దమ్మ నిరుడు పోయింది. చిన్నమ్మకు విడిగా ఒక్క ఫొటో కూడా లేదని ఆమె కూతురు కవిత నన్ను పిలిచింది.

"మంచిగ నడిమిట్ల రావాలె అన్నా" అంది.

నవ్వొచ్చింది. సరే, వీళ్లకు ఇంతకన్నా ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

పట్టపగలు. గోడకు కాస్త ఎడంగా ఉన్న బల్ల మీద, సరిగ్గా కిటికీ ముందు చిన్నమ్మను కూర్చోబెట్టాను. కెమెరా స్టాండుకు బిగించి తీశాను. ఫొటోలో కిటికీ మధ్యలోనే ఉంది. చిన్నమ్మ మాత్రం బల్ల ఎడమ చివర ఉంది.

కదలొద్దని కసిరి మళ్లీ తీశాను. మళ్లీ అంతే.

"నేనేడ కదిలిన బిడ్డా? అక్కనే జర జరుగుమంటున్నది" అంది చిన్నమ్మ.

కవిత కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండింది. బటన్ కవితను నొక్కమని, నేను బల్ల వెనక్కి వెళ్లి చిన్నమ్మ రెండు భుజాలూ గట్టిగా పట్టుకున్నాను.

"ఇప్పుడెట్ల జరుగుతవో చూస్త" అన్నాను.

ఫొటో చూసి కవిత నన్ను కెమెరా దగ్గరికి పిలిచింది. చిన్నమ్మ ఎడమ చివర కూర్చుని, పక్కకు చూసి నవ్వుతోంది. కిటికీ ముందు నేను వంగి నిలబడి ఉన్నాను. నా చేతుల కింద ఎవరూ లేరు.

"గిది మంచిగొచ్చింది. గిదే గోడకు పెట్టుండ్రి" అంది చిన్నమ్మ.

తోటి ఫొటోగ్రాఫర్లకు చూపిస్తే ఎడిటింగ్ అని వెక్కిరించారు. వాళ్ల స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి.

కానీ ఆ రోజు నా అరచేతులకు భుజాలు తగిలాయి. వెచ్చగా ఉన్నాయి. జాకెట్టు కుట్టు గరుకుగా తెలిసింది. చిన్నమ్మ ఆ చివర ఉంటే, నేను పట్టుకున్న భుజాలు ఎవరివో ఇప్పటికీ చెప్పలేను.