బాగుందని చదివిన కార్డులు

నా చిన్నప్పుడు, నాకు ఏడో ఎనిమిదో ఏళ్లున్నప్పుడు, మా అమ్మను దూరాన కొండల్లో ఉన్న క్షయ ఆసుపత్రిలో చేర్చినారు. కోయిలకుంట్ల దగ్గర మా పల్లె నుంచి అక్కడికి పోవాలంటే బస్సు, రైలు, మళ్లీ బస్సు. పిల్లలను లోపలికి రానియ్యరని నన్ను అవ్వ దగ్గర వదిలినారు. అమ్మ బస్సెక్కిన రోజు నుంచి నేను తిండి ముట్టలేదు. అవ్వ సంగటి ముద్ద నోటిదాకా తెచ్చినా పళ్లు బిగబట్టుకునేదాన్ని.

ఆసుపత్రి నుంచి వారానికొక కార్డు వచ్చేది. అక్కడి నర్సమ్మకు తెలుగు రాదు, ఇంగ్లీషులో రాసేది. మా ఊళ్లో అది చదవగలిగింది పక్కింటి అబ్బ ఒక్కడే. తాతను మావైపు అబ్బ అంటాము. ఆయన రైల్వేలో పనిచేసి వచ్చినవాడు. మొదటి కార్డును శానాసేపు చూసి, తర్వాత నన్ను చూసి, మీ అమ్మ చీర్‌ఫుల్‌గా ఉందని రాసినారన్నాడు. అంటే ఏమని అడిగితే, అప్పుడే ముఖం కడుక్కున్నట్టు కళకళలాడటమన్నాడు. ఆ పూట నేను సంగటి తిన్నాను.

ఆ తర్వాత కార్డుకొక మాట. బ్రైట్ అన్నాడు ఒకసారి. హోప్‌ఫుల్ అంటే వాన వస్తుందని విత్తనాలు ఒడిలో పెట్టుకుని కూర్చోవడమట. ఆప్టిమిస్టిక్ అనే మాటకు నా నాలుక తిరిగేది కాదు.

"ఆకాశంలో మబ్బూ మోడం లేకపోయినా విత్తనానికి పోయేవాడు ఉంటాడు సూడు పాపా, వాడు" అన్నాడు అబ్బ.

"అయితే మా వానికి ఆ జబ్బు శానా ఉండాదప్పా" అని అవ్వ మా నాయన్ను చూసి నవ్వింది.

మేకల వెంట తిరుగుతూ ఆ మాటలన్నీ పాట మాదిరి అనుకునేదాన్ని. నాయన కూడా నెమ్మదిపడినాడు. చేలో జొన్న పండి ఉంది. మనిషి బాగుందంటున్నారు గదా, కోతలు కానిచ్చి పోయి చూసొస్తానన్నాడు.

కోతల నడుమ ఒక పొద్దున కార్డు వచ్చింది. కొత్త మాట కోసం నేను అబ్బ పక్కనే అరుగు మీద కూర్చున్నాను. ఆయన చదివినాడు. చదివి, నాలుగు ముక్కలుగా చించినాడు. చావు కబురు తెచ్చిన కాగితాన్ని మావైపు గడప దాటనియ్యరు, చదివిన చోటే చించేస్తారు. నాకు అక్షరం రాదు గానీ ఆ సంగతి తెలుసు. అయినా, ఈసారి ఏం మాట అబ్బా అని అడిగినాను.

కబురందుకుని నాయన కొడవలితోనే వచ్చినాడు. అప్పుడు అబ్బ ఉన్నదంతా చెప్పినాడు. ఆ మాటలేవీ కార్డుల్లో లేవు. జ్వరమెంత, బరువెంత, అంతే ఉండేది. పదిహేను రోజుల కిందటి కార్డులో, చూడాలనుకుంటే వెంటనే రమ్మని రాసినారు.

"బిడ్డ మళ్లీ తినేది మానేస్తాదని భయపడితిని రా" అన్నాడు అబ్బ. "తగ్గుతాదిలే అనుకుంటి."

నాయన కేకలెయ్యలేదు. "కోతలు ఆపుకునేవాణ్ణి గదా చిన్నాయనా" అన్నాడు.

నేను తిన్న ప్రతి ముద్దకూ అమ్మ అక్కడ ఒంటరిగా వాకిలి వైపు చూసి ఉంటుందని ఎన్నో ఏళ్లు నన్ను నేను తిట్టుకున్నాను. ఇప్పుడు అబ్బ మీద కోపం లేదు. ఆకలితో మాడుతున్న పిల్లకు ఆయన చేతనైంది పెట్టినాడు. కానీ ఆ పెట్టింది పిల్లకు పెట్టి, నాయన్ను పక్కకు పిలిచి నిజం చెప్పి ఉండాల్సింది. అంత చిన్న పని, అంత మంచి మనిషికి చేతకాలేదు.

ఏభై దాటినాక పెద్దల బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. మా వీధి ఆడవాళ్లు కాగితాలు తెస్తే ఉన్నది ఉన్నట్టు చదివి, ఏడ్చేవాళ్ల పక్కన కూర్చుంటాను. నాకు సంబంధించినవాళ్లు ఎవరైనా మంచాన పడి, ఇప్పుడు బాగుందని కబురు పెడితే సంతోషపడతాను. సంతోషపడుతూనే, ఆ ఊరికి బస్సు ఎన్ని గంటలకో కనుక్కుంటాను.