పోర్జియా జాజినీళ్లు

స్పెయిన్ రాజప్రతినిధులు నేపుల్స్‌ను ఏలుతున్న రోజులవి. రేవులో సుంకాల కచేరీ పక్కన నిమ్మనీళ్లు, దాల్చినచెక్క నీళ్లు అమ్ముకునే పోర్జియాకు ఆ ఎండాకాలంలో నలభై రెండేళ్లు. మొగుడు సముద్రం పాలయ్యాక అతని చెల్లెలు కార్మొసీనాతో కలిసి బండి నడుపుకొస్తోంది.

జులైలో డ్యూక్ గారింట పెళ్లి వచ్చింది. అరవైమంది అతిథులకు మధ్యాహ్నం చల్లటి జాజినీళ్లు కావాలని దివాన్జీ అంగళ్లన్నీ తిరిగాడు. పేరుమోసిన అనియెల్లో రాగి కాగులో పూలు మరగబెట్టి ఇచ్చాడు. ఉడికిన ఆకుకూర వాసనేస్తోందని దివాన్జీ ఉమ్మేశాడు. తాను చేసిస్తానని పోర్జియా ముందుకొస్తే అందరూ నవ్వారు.

జాజిపువ్వు వేడికి ఓర్వదని ఆమెకు తెలుసు. చిన్నప్పుడు కిటికీలోని చెంబులో పూలు రాలితే, ఆ నీళ్ల రుచి ఆమె నాలుకకు తగిలింది. అందుకే సాయంత్రం కోసిన పూలను పంచదార కలిపిన చన్నీళ్లలో వేసి, గుడ్డ కట్టి, పొద్దుటిదాకా కదపలేదు. వాసెన విప్పగానే వీధంతా గుప్పుమంది.

ఇక కావలసింది మంచు. చలికాలంలో కొండమీద గోతుల్లో దాచిన మంచు అఖాతం అవతలి ఒడ్డునుంచి రోజూ పడవలో వచ్చేది. ఆ రోజు గాలి ఆగిపోయి, పడవ కంటికి కనబడుతూనే నడిసముద్రంలో నిలిచిపోయింది.

"అయిపోయింది వదినా. మనవల్ల కాదని దివాన్జీకి కబురంపుదాం," అంది కార్మొసీనా.

"కబురు తర్వాత. ముందు తెడ్డు పట్టుకో," అంది పోర్జియా, చేపల పడవలోకి దిగి పావడా ఎగగట్టుకుంటూ.

"నాకు తెడ్డెయ్యడం రాదే."

"నాకు మాత్రం వచ్చా? నోరు ఆడించినంత జోరుగా చేతులాడించు, చాలు."

వల బాగుచేసుకుంటున్న జాలరి ఆడవాళ్లిద్దరు నవ్వాపుకోలేక తామూ ఎక్కారు. నలుగురూ ఒగరుస్తూ మంచు పడవను చేరుకుని, ఆరు మూటలు దింపుకుని, వాటిమీద తమ శాలువాలు కప్పేశారు. ఒడ్డుకొచ్చేసరికి నాలుగు మూటల మంచు మిగిలింది. అది చాలింది.

విందులో డ్యూక్ తల్లి, పండు ముసలావిడ, మొదటి గుక్క తాగి కళ్లు మూసుకుంది. చేసినవాళ్లను పిలవమందావిడ. పోర్జియా తడిసిన పావడాతో, వట్టి కాళ్లతో వచ్చి నిలబడింది.

"ఇందులో పువ్వు బతికే ఉందే. ఎలా చేశావు?"

"పొయ్యి ఎక్కించలేదమ్మగారూ, అంతే."

ఆవిడ రెండో గ్లాసు అడిగింది. వారం తిరక్కుండా బండి ముందు జనం బారులు తీరారు. అనియెల్లో కూడా సిగ్గుపడుతూనే వచ్చి అడిగితే, దాచుకోకుండా చెప్పేసింది.

పోర్జియా డెబ్బై ఒకటి దాకా బతికింది. జూన్ రాగానే ఏటా కొత్త నీళ్లు చేసేది. పుల్లటి చెర్రీల నీళ్లు ఊరంతా తాగారు. సోంపు నీళ్లు మాత్రం ఒక్కరూ ముట్టలేదు. వదినా ఆడపడుచులిద్దరే వారం రోజులు, ఒకరినొకరు తిట్టుకుంటూ, తాగి ఖాళీ చేశారు.