ఏసీలో సగం

తిరువొత్తియూరులో మా ఇంట్లోనే ఒక గదిలో బ్లౌజులు కుడతాను. ఆ గదికి ఏసీ కొన్నప్పుడు, పన్ను లెక్కల్లో దాన్ని పూర్తిగా వ్యాపారం ఖర్చు కింద చూపమని మా ఆడిటర్‌ను అడిగాను.

"ఇంటివాళ్లు వాడరు కదమ్మా?" అన్నారు. వాడరన్నాను.

మే నెలలో ఒక మధ్యాహ్నం సంతకాల కోసం ఆయనే వచ్చారు. గది తలుపు తీశాను. కత్తిరించిన గుడ్డల పక్కన చాప వేసుకుని మా అత్తగారు నిద్రపోతున్నారు.

"ఈమె కస్టమరా అమ్మా?" అన్నారాయన, నవ్వకుండా.

అత్తగారు కళ్లు తెరవకుండానే, "తలుపు మూయి మే, చల్లదనం పోతుండాది. రోజూ ఈడ పడుకునేదాన్ని ఈపొద్దు లేపతావా" అన్నారు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన ఏసీ ఖర్చులో సగం ఇంటి వాడకమని లెక్కల్లోంచి కొట్టేశారు.

ఆ సంగతి అత్తగారికి చెప్పడమే నా పొరపాటు. ఇప్పుడు కస్టమర్లు వచ్చినా లేవరు. "నేను నా సగంలోనే కదా పడుకోనుండా" అంటారు.